గాయం నిజం, కాగితం లేదు: పర్పుల్ హార్ట్ కోసం సర్వీసు రికార్డు సరిచేయించుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా సైన్యంలో పనిచేసి, యుద్ధంలో గాయపడి, ఆ గాయానికి రావలసిన పర్పుల్ హార్ట్ పతకం మాత్రం సర్వీసు కాగితాల్లోకి ఎక్కనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన తెలుగువాళ్లకు దీంతో ఏం పని అని అడిగేవాళ్లూ ఉన్నారు. అమెరికా పౌరసత్వం లేనివాళ్లను వాళ్ల భాషల కోసం, నైపుణ్యాల కోసం సైన్యంలో చేర్చుకునేందుకు 2009లో మొదలై 2016లో ఆగిపోయిన మావ్నీ పథకంలో, అమెరికా సైన్యం తనకు కావాలన్న భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. అమెరికాలోనే పుట్టిపెరిగి సైన్యంలో చేరిన మన పిల్లలూ ఉన్నారు. వియ్యాలవారింట్లో కొరియాకో వియత్నాంకో వెళ్లొచ్చిన తాతగారున్న కుటుంబాలు సరేసరి. ఫైలు ఎవరిదైనా తిప్పలు ఒకటే. కింది జవాబులు ఎక్కువగా ఆర్మీని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

అసలు ఈ పతకం కథేమిటి?

శత్రువు దాడిలో గాయపడిన, లేదా చనిపోయిన సైనికులకు ఇచ్చేది పర్పుల్ హార్ట్. ఊదా రంగు గుండె ఆకారం మీద జార్జ్ వాషింగ్టన్ బొమ్మ ఉంటుంది. 1782 ఆగస్టు 7న న్యూబర్గ్ శిబిరంలో వాషింగ్టన్ ప్రవేశపెట్టిన ఒక గుర్తింపు చిహ్నం దీనికి మూలం. తర్వాత సుమారు 150 ఏళ్లు దాని ఊసెత్తినవాళ్లు లేరు. వాషింగ్టన్ పుట్టి 200 ఏళ్లు నిండిన 1932 ఫిబ్రవరి 22న, డగ్లస్ మెకార్థర్ ఆర్మీ అధిపతిగా ఉన్నప్పుడు, దాన్ని కొత్త పేరుతో తిరిగి తెచ్చారు. మొదట్లో మెచ్చదగ్గ సేవకు కూడా ఇచ్చేవారు. 1942లో దాన్ని గాయానికీ మరణానికీ పరిమితం చేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో నేవీ, మెరైన్లు, కోస్ట్ గార్డ్‌లకు కూడా వర్తించింది.

దీనికి పై అధికారి సిఫారసు ఉండాలా? మా కెప్టెన్‌కీ నాకూ పడేది కాదు.

అక్కర్లేదు. సాహస పతకాలకు ఎవరో ఒకరు పేరు పంపాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. పర్పుల్ హార్ట్ అలా కాదు. షరతులు తీరితే అది మీ హక్కు. ఎంత ధైర్యంగా పోరాడారో, మంచి సైనికుడో కాదో ఎవరూ అడగరు. అందుకే దరఖాస్తులో ఆ రోజు మీరు చేసిన వీరోచిత పనుల గురించి నాలుగు పేజీలు రాయడం వృథా. సైనిక రికార్డుల్లో తప్పులు సరిచేసే బోర్డు చూసేది అది కాదు.

మరి చూసేది ఏమిటి?

మూడే సంగతులు. ఒకటి, గాయం శత్రువు చర్య వల్ల అయిందా. రెండు, దానికి వైద్యాధికారి చికిత్స అవసరమైందా. మూడు, ఆ చికిత్స అధికారిక రికార్డులో ఉందా. ఆర్మీలో ఇవి 600-8-22 అనే నిబంధనల్లో ఉంటాయి.

వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఎక్కువ ఫైళ్లు పడిపోయేది వీటి మధ్య లంకె దగ్గరే. గాయం ఉందని ఒక కాగితం చెబుతుంది. ఆ రోజు దాడి జరిగిందని ఇంకో కాగితం చెబుతుంది. ఆ గాయం ఆ దాడిలోనే అయిందని చెప్పే కాగితం ఉండదు. ‘కుడి చేతికి కోత, కుట్లు వేశాం’ అని మెడిక్ (దళంతో ఉండే వైద్య సహాయకుడు) రాసి వదిలేస్తే, అది మోర్టార్ ముక్కా, డబ్బా మూత తీస్తుంటే తెగిందా అనేది బోర్డుకు ఎలా తెలుస్తుంది? మీరు అబద్ధమాడుతున్నారని వాళ్లు అనరు. రుజువు చాలలేదంటారు. ఆ రెండింటికీ తేడా ఉందని ముందే మనసుకు చెప్పుకుంటే తర్వాత కొంత బాధ తగ్గుతుంది.

సొంత సైన్యం కాల్పుల్లో పొరపాటున గాయపడితే? శత్రువుతో పోరాడుతున్న సమయంలో అలా జరిగితే అర్హత ఉంటుందని 1993లో చట్టంలో చేర్చారు. ఒకే పేలుడులో నాలుగు చోట్ల గాయాలైతే మాత్రం పతకం ఒకటే.

ఏవి లెక్కలోకి రావు?

వడదెబ్బ, మామూలు జబ్బులు, శత్రువు ప్రమేయం లేని వాహన ప్రమాదాలు, పారాచూట్ దిగేటప్పుడు కాలు విరగడం, కావాలని చేసుకున్న గాయాలు రావు. పీటీఎస్‌డీ, అంటే యుద్ధ భయం మనసును వదలని జబ్బు, కూడా రాదు. ఇది చాలామందికి మింగుడుపడని విషయం, నాకూ అంతే. కానీ నిబంధన సూటిగా ఉంది, దాంతో వాదించి లాభం లేదు. చలికి కాళ్లు గడ్డకట్టడం విషయంలో ఒక పాత మినహాయింపు ఉంది. 1941 డిసెంబర్ 7 నుంచి 1951 ఆగస్టు 22 మధ్య తీవ్రంగా గడ్డకట్టి ఆసుపత్రిలో చేరినవాళ్లకు వర్తిస్తుంది. కొరియా మొదటి చలికాలంలో ఉన్న తాతగారైతే ఇది గుర్తుపెట్టుకోండి.

బాంబు పేలినప్పుడు తల దిమ్మెక్కింది, రక్తం రాలేదు. అర్హత ఉందా?

ఉండొచ్చు. 2011లో ఈ నిబంధనను విడమరిచి చెప్పారు. స్పృహ తప్పినా తప్పకపోయినా, మెదడుకు దెబ్బ తగిలిందని వైద్యాధికారి నిర్ధారించి, 48 గంటలకు మించి పూర్తి డ్యూటీకి పంపకుండా ఆపితే అర్హత ఉంటుంది. 2001 సెప్టెంబర్ 11 నుంచి జరిగినవాటికి ఇది వర్తిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, చాలామంది కుర్రాళ్లు ‘నాకేం కాలేదు సార్’ అని మర్నాడే గస్తీకి వెళ్లిపోయారు. 48 గంటల కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? 2020 జనవరి 8న ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డాయి. అప్పుడు వందమందికి పైగా సైనికులకు మెదడు గాయాలు తేలినా మొదట 29 మందికే పతకాలు దక్కాయి. పత్రికల్లో, టీవీలో గొడవయ్యాక ఫైళ్లు మళ్లీ తెరిచి 2021 డిసెంబర్‌లో మరో 39 మందికి ఒప్పుకున్నారు. అందరూ కళ్లారా చూసిన దాడికే అంత ఆలస్యమైతే, ఊరూపేరూ లేని రోడ్డు పక్క బాంబు సంగతి చెప్పనక్కర్లేదు.

మామగారు వియత్నాంలో వారాలపాటు ఆసుపత్రిలో ఉన్నారు. అయినా రికార్డులో ఎందుకు లేదు?

అక్కడ యూనిట్‌తో పాటు ఆసుపత్రి కమాండర్లకు కూడా ఈ పతకం ఇచ్చే అధికారం ఉండేది. హెలికాప్టర్‌లో తీసుకెళ్లాక ‘ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు’ అని యూనిట్ అనుకునేది, ‘యూనిట్ చూసుకుంటుంది’ అని ఆసుపత్రి అనుకునేది. మధ్యలో మనిషి జపాన్‌కో అమెరికాకో తరలిపోయేవాడు. ఇంకొందరికి మంచం దగ్గరకే వచ్చి దిండు మీద పతకం పెట్టి వెళ్లారు, ఆర్డరు మాత్రం ఎవరూ టైపు చేయలేదు. ఇంట్లో డబ్బాలో పతకం ఉంటుంది, సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డీడీ 214 కాగితంలో ఉండదు. బోర్డు దగ్గర ఆ డబ్బా చూపిస్తే సరిపోదు, ఎందుకంటే పతకం ఎవరైనా కొనుక్కోవచ్చు.

రికార్డులు మంటల్లో కాలిపోయాయని సెయింట్ లూయిస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంక ఆశ లేనట్టేనా?

ఆ ఉత్తరం నిజమే, సాకు కాదు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ దగ్గర ఓవర్‌ల్యాండ్‌లో ఉన్న జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు రేగి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు పోయాయి. 1912 నవంబర్ 1 నుంచి 1960 జనవరి 1 వరకు ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల రికార్డుల్లో 80 శాతం అందులో ఉన్నాయి. వాయుసేనలో 1947 సెప్టెంబర్ 25 నుంచి 1964 జనవరి 1 మధ్య విడుదలై, ఇంటిపేరు అక్షర క్రమంలో హబ్బర్డ్ తర్వాత వచ్చేవాళ్లవి 75 శాతం పోయాయి. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏవి పోయాయో చెప్పే జాబితా కూడా లేదు.

కానీ అక్కడ కాలినవి వ్యక్తుల ఫైళ్లు. మనిషి ఫైలు కాలినా అతని కంపెనీ, అంటే అతను పనిచేసిన దళం, ఫైలు విడిగా ఉంటుంది. మార్నింగ్ రిపోర్టు అని ప్రతి కంపెనీ రోజూ రాసేది: ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు డ్యూటీ నుంచి ఆసుపత్రికి వెళ్లారు. అందులో మీవాళ్ల పేరు పక్కన ‘యుద్ధంలో స్వల్ప గాయం’ అనే అర్థం వచ్చే మూడక్షరాల పొడి గుర్తు దొరికితే సగం పని అయిపోయినట్టే. వెతకాలంటే కంపెనీ పేరు, తేదీ కావాలి. ‘1944లో ఫ్రాన్స్‌లో’ అంటే ఎవరూ వెతికిపెట్టలేరు. నెల అయినా చెప్పాలి.

రెండోది ఆసుపత్రి చేరికల కార్డులు. ఆర్మీ సర్జన్ జనరల్ కార్యాలయం 1942 నుంచి 1945 వరకు, 1950 నుంచి 1954 వరకు చేర్చుకున్న రోగుల సమాచారాన్ని కోడ్ భాషలో నమోదు చేసింది. వీటి ఉనికి 1988లో గానీ బయటపడలేదు. అక్కడ పేర్లుండవు, సర్వీస్ నంబరుతోనే వెతకాలి. కాబట్టి పాత డాగ్ ట్యాగో, ఉత్తరం మీది చిరునామాయో, ఏదో ఒకదాని నుంచి ఆ నంబరు సంపాదించండి. వైద్య సమాచారాన్ని ఇలా తిరిగి కూర్చమని అడగడానికి 13055 నంబరు ఫారం ఉంది.

ఇంకా ఏ కాగితాల కోసం వెతకాలి?

మొదట డిశ్చార్జి కాగితం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆర్మీ సైనికుడైతే 53-55 ఫారంలో 34వ గడి చూడండి, యుద్ధంలో అయిన గాయాలు రాసే చోటు అదే. వియత్నాం నాటివారికి డీఏ 20 అనే కార్డులో 40వ గడి గాయాలది. 38వ గడిలో ఎప్పుడు ఎక్కడ పనిచేశారో ఉంటుంది. అక్కడ ఫలానా ఆసుపత్రిలో ‘పేషెంట్’ అని కనిపిస్తే, 40 ఖాళీగా ఉన్నా తేదీ దొరికినట్టే. వియత్నాం కేసుల్లో బోర్డు తనంతట తానే చూసేవి రెండున్నాయి: ఆ యుద్ధం క్షతగాత్రుల జాబితా, 1965 నుంచి 1973 వరకు జారీ అయిన పతకాల ఆర్డర్ల కంప్యూటర్ సూచిక. డీఏ 20 కార్డులోనూ ఈ రెండింట్లోనూ పేరు లేకపోతే గట్టి కాగితం ఇంకేదైనా చూపించాల్సిందే.

యూనిట్ రోజువారీ దినచర్య, పోరాటం తర్వాతి నివేదికలు మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ జాతీయ పత్రాగారంలో దొరుకుతాయి. వాటిలో మీవాళ్ల పేరు ఉండకపోవచ్చు, ‘ఇద్దరికి గాయాలు, 14:20కి తరలించాం’ అని ఉంటుంది. ఆ సమయం ఆసుపత్రి చేరిక సమయంతో కలిస్తే మూడు సంగతుల మధ్య లంకె కుదిరినట్టు.

ఇంట్లో అటక కూడా వదలొద్దు. అప్పట్లో ఇంటికి వచ్చిన టెలిగ్రామ్, ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరం తపాలా ముద్రతో సహా, ఊరి పేపర్లో పడిన వార్త, అన్నీ పనికొస్తాయి. టెలిగ్రామ్ లేదని దిగులు పడొద్దు. చిన్న గాయమైతే ఇంటికి చెప్పొద్దని సైనికుడే ముందుగా రాసివ్వొచ్చు, అమ్మ కంగారు పడుతుందని అలా రాసిచ్చినవాళ్లు తక్కువేం కాదు.

సాక్షులు ఎందరు కావాలి?

కనీసం ఇద్దరు, మీరు కాక. కళ్లారా చూసినవాళ్లు అయ్యుండాలి. ‘వాడు గాయపడ్డాడని తర్వాత విన్నాను’ అనే మాటకు విలువ లేదు. తాను అప్పుడు ఏ యూనిట్‌లో ఉన్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు, ఏం చూశాడు, ఎవరు కట్టు కట్టారు అన్నది సాక్షి తన మాటల్లో రాయాలి. తానూ అక్కడే ఉన్నట్టు చూపే సొంత డీడీ 214 నకలు జతచేస్తే ఇంకా మంచిది.

ఒక మాట. మీరే ఒక వాంగ్మూలం రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టించకండి. రెండు కాగితాల్లో అవే వాక్యాలు, అవే అక్షరదోషాలు కనిపిస్తే బోర్డు ఏమనుకుంటుందో వేరే చెప్పాలా? 50 ఏళ్ల తర్వాత ఇద్దరి జ్ఞాపకాలు కొంచెం తేడాగా ఉండటమే సహజం.

నేను వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఆసుపత్రిలో డాక్టర్ని. ఒక పెద్దాయన ఉత్తరం రాసివ్వమంటున్నారు. ఏం రాయాలి?

మీరు చూసింది రాయండి. ఎక్స్‌రేలో తొడలో లోహపు ముక్కలు ఎన్ని, ఎక్కడ, ఏ సైజులో ఉన్నాయి, మచ్చ ఎలా ఉంది, అది ఎంత పాతదిగా కనిపిస్తోంది, పేలుడు ముక్కల గాయంతో పొంతన కుదురుతుందా లేదా. అంతవరకే. ‘ఈయన శత్రు కాల్పుల్లో గాయపడ్డారు’ అని మీరు రాస్తే అది మీరు చూడని విషయం, దాంతో మిగతా ఉత్తరం కూడా తేలిపోతుంది. పాత చార్టుల్లో ఎప్పుడో 1970ల్లో ‘షెల్ ముక్క గాయం’ అని ఇంకో డాక్టర్ రాసిన పేజీ ఉంటే దాన్ని వెతికి నకలు ఇవ్వడం మీ ఉత్తరం కన్నా పెద్ద సాయం.

వీఏ వాళ్లు ఈ గాయానికే పరిహారం ఇస్తున్నారు కదా, అది చాలదా?

చాలదు. వీఏ చూసేది గాయం సర్వీసులో ఉండగా అయిందా అని. శత్రువు వల్ల అయిందా అని తేల్చాల్సిన అవసరం దానికి ప్రతిసారీ ఉండదు. వీఏ నిర్ణయాన్ని బోర్డు చదువుతుంది గానీ దానికి కట్టుబడదు.

నేరుగా బోర్డుకే వెళ్లొచ్చా?

ముందు మామూలు దారి పూర్తిచేయాలి. పతకం ఆర్డరు ఉండి, డీడీ 214లో ఎక్కకపోవడమే తప్పయితే అది గుమాస్తా పని, ఆర్డరు నకలు పంపితే సరిచేస్తారు. అసలు ఆర్డరే లేకపోతే ఆర్మీవాళ్లు కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్ అవార్డుల విభాగానికి రాయాలి. అక్కడ కాదన్నాకే బోర్డు. అలా కాదన్న ఉత్తరాన్ని పారేయకండి, దాన్ని జతచేయాలి.

బోర్డు అంటే ఎవరు? ఎలా దరఖాస్తు చేయాలి?

ఒకప్పుడు ఇలాంటి తప్పులు సరిచేయాలంటే కాంగ్రెస్ ఒక్కో మనిషికి ఒక్కో బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక 1946లో చట్టం చేసి పౌర బోర్డులకు అప్పగించారు. ఆర్మీకి ఒకటి, వాయుసేనకు ఒకటి, నేవీ మెరైన్లకు కలిపి ఒకటి ఉన్నాయి. కోస్ట్ గార్డ్‌ది హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఉంటుంది. ఆర్మీ బోర్డులో ఫైలును కనీసం ముగ్గురు పౌర సభ్యులు చూస్తారు.

ఫారం పేరు డీడీ 149. ఫీజు లేదు. ఏం మార్చాలో ఒక్క వాక్యంలో రాయండి: ‘ఫలానా తేదీన ఫలానా చోట అయిన గాయానికి పర్పుల్ హార్ట్ ఇచ్చి, డీడీ 214లో చేర్చాలి.’ తర్వాత ఒకటి రెండు పేజీల వివరణ, కాగితాలకు వరస నంబర్లు. అసలు ప్రతులు పంపకండి, నకళ్లే పంపండి.

తప్పు తెలిసిన మూడేళ్లలోపు వేయాలని చట్టం అంటుంది. కంగారు పడక్కర్లేదు, న్యాయం కోసం ఆ గడువును పక్కనపెట్టే అధికారం బోర్డుకు ఉంది. ఆలస్యం ఎందుకైందో రెండు ముక్కలు నిజాయితీగా రాయండి. ‘అప్పట్లో బతికి బయటపడితే చాలనుకున్నాను’ అన్నది కూడా కారణమే.

లాయరు తప్పనిసరి కాదు. మాజీ సైనికుల సంఘాల సర్వీస్ ఆఫీసర్లు డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు. ఫైలు తయారుచేసే ముందు బోర్డు పాత నిర్ణయాలు చదవండి, పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. పది చదివితే ఏ కాగితం గెలిపిస్తుందో, ఏది ఓడిస్తుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది? పిలుస్తారా?

90 శాతం కేసులు 10 నెలల్లో, అన్నీ 18 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. పిలవడం బోర్డు ఇష్టం, మామూలుగా కాగితాల మీదే నిర్ణయిస్తుంది. కాబట్టి నోటితో చెబుదాంలే అని ఏదీ మిగుల్చుకోకండి.

కాదంటే?

కొత్త ఆధారం దొరికితే మళ్లీ అడగొచ్చు. అదే ఫైలును కోపంగా రాసిన ఉత్తరంతో మళ్లీ పంపితే మాత్రం అదే జవాబు వస్తుంది. చివరి దారి ఫెడరల్ కోర్టు, ఆరేళ్లలోపు వెళ్లాలి. గాయపడ్డారా లేదా అని కోర్టు మొదటి నుంచీ విచారించదు. బోర్డు ఆధారాలను సవ్యంగా చూసిందా లేదా అన్నంతవరకే చూస్తుంది.

కోర్టుదాకా వెళ్లి సాధించినవారు లేకపోలేదు. మిన్నెసోటాకు చెందిన ఒక పెద్దాయన 1951 జూన్‌లో కొరియాలో మోర్టార్ ముక్క తగిలి గాయపడ్డారు. ఆ ముక్క ఇంకా కాల్లోనే ఉంది. కట్టు కట్టిన మెడిక్ కాగితం రాసేలోపే చనిపోయి ఉంటాడని ఆయన అనుమానం. ప్లటూన్‌లో చూసినవాళ్లు కూడా దాదాపు మిగల్లేదు. కాగితాలు చాలవని ఆర్మీ కాదంది. 2023లో ఆయన దావా వేశారు. ఆ రాష్ట్ర సెనేటర్ కార్యాలయం వెంటపడింది. 2024లో, 96 ఏళ్ల వయసులో, పతకం చేతికొచ్చింది. మీ సెనేటరు ఆఫీసుకు ఒక ఉత్తరం రాయడంలో తప్పు లేదు, ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం వాళ్ల రోజువారీ పనే.

పతకంతో డబ్బు వస్తుందా?

నెలనెలా ఏమీ రాదు. కానీ వీఏ వైద్యంలో మూడో ప్రాధాన్య వర్గంలో చేరుస్తారు. ఫెడరల్ ఉద్యోగాల్లో 10 పాయింట్ల ప్రాధాన్యం ఉంటుంది, 2020 నుంచి సైనిక కమిసరీల్లో (సైన్యం నడిపే కిరాణా దుకాణాల్లో) సరుకులు కొనుక్కోవచ్చు. 2001 సెప్టెంబర్ 11న గానీ ఆ తర్వాత గానీ అయిన గాయమైతే జీఐ బిల్లు చదువు సాయం పూర్తిగా వస్తుంది. ఆర్లింగ్టన్ శ్మశానంలో ఖననానికీ అర్హత ఉంటుంది. లేని పతకం ఉందని చెప్పుకుని లాభం పొందితే 2013 చట్టం కింద జైలు కూడా ఉంది, కాబట్టి రికార్డు సరయ్యేదాకా రెజ్యూమెలో రాయకండి.

మా బాబాయి ఇండియన్ ఆర్మీలో గాయపడ్డారు. ఇదే పద్ధతా?

కాదు. అక్కడ వూండ్ మెడల్ అని వేరే పతకం ఉంది. ముందు ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపిస్తుంది. పైన చెప్పిన ఫారాలేవీ అక్కడ పనికిరావు.

నాన్నగారు పోయారు. ఇప్పుడు మేం అడగొచ్చా?

అడగొచ్చు. భార్య, పిల్లలు లేదా చట్టబద్ధ వారసులు డీడీ 149 వేయొచ్చు, మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే కాగితం జతచేయాలి. ఒప్పుకుంటే పాత డీడీ 214ను మార్చి మళ్లీ టైపు చేయరు. డీడీ 215 అనే సవరణ కాగితం వస్తుంది, రెండూ కలిపి దాచుకోవాలి. పతకం వేరే పార్సిల్‌లో వస్తుంది. ఎవరైనా అధికారి చేత అందుకోవాలని ఉంటే ముందే రాయండి, లేకపోతే అది తపాలా డబ్బాలోకే వచ్చి పడుతుంది.